పూచీ పడే మనిషి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, బాలానగర్ చౌరస్తా నుంచి గండిమైసమ్మ దాకా రోడ్డుకి రెండు పక్కలా కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. ఒక్కో ఫ్లెక్సీ మీద నలభై యాభై మొహాలు, మొహం కింద కంపెనీ పేరు, దాని కింద ప్యాకేజీ. ఆ పిల్లల నవ్వులు చూస్తే ముచ్చటేస్తుంది, కాదనను. కానీ పోయినేడు ఇదే స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఉన్న పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? ఆ కొలువుల్లోనే ఉన్నారా? మూడో నెల తిరక్కుండా ఇంటికొచ్చేసినవాళ్లు ఎంతమంది? ఎందుకొచ్చేశారు? ఈ లెక్క ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు. పిల్లాడు చేరిన రోజుతో కాలేజీ పని అయిపోయింది. కంపెనీకేమో ఆ పిల్లాడు ఇంకా హాజరు పట్టీలో ఒక నంబరు మాత్రమే. మధ్యలో వాడు ఎవరి మనిషీ కాడు.

మా రోజుల్లో కుర్రాడు పనిలో చేరితే, వాడు ఎవరి మనిషో షెడ్డులో అందరికీ తెలిసేది. నా బాధంతా దాని గురించే.

నేను డెబ్బైల్లో గుంటూరు జిల్లా నుంచి ఐటీఐ టర్నర్ సర్టిఫికెట్టు పట్టుకుని హైదరాబాదు వచ్చాను. అప్పటికి ఈ వైపంతా కర్మాగారాలే. సనత్‌నగర్‌లో అల్విన్, బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, ఐడీపీఎల్, నర్సాపూర్ రోడ్డులో హెచ్‌ఎంటీ, కవాడిగూడలో ప్రాగా టూల్స్, అటు రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, ఇటు చివర ఈసీఐఎల్. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న చిన్న షెడ్లు బాలానగర్ నిండా ఉండేవి. 1968లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో ఇక్కడే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. డై అన్నా మౌల్డ్ అన్నా దేశంలో ఎక్కడెక్కడినుంచో ఇక్కడికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. చేతిలో పని ఉన్నవాడికి ఈ పేటలో గౌరవం ఉండేది.

నాకు బాబాయి వరసయ్యే ఆయన ఫతేనగర్‌లో ఉండేవాడు. రెండు గదులు, ఐదుగురు మనుషులు. ఆరోవాణ్ని నేను. ఆయన నన్ను తనతో పాటు షెడ్డుకి తీసుకెళ్లి ఫోర్‌మన్ ముందు నిలబెట్టి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "మా అన్న కొడుకండీ. వీడేం చేసినా నన్నడగండి." అంతే. బయోడేటా లేదు, గ్రూప్ డిస్కషన్ లేదు. ఆ ఒక్క మాటతో నా మంచీచెడ్డా ఆయన నెత్తిన పడింది. నేను ఆలస్యంగా వెళితే ఫోర్‌మన్ నన్ను అడిగేవాడు కాదు, బాబాయిని అడిగేవాడు. రాత్రి కంచం ముందు కూర్చున్నాక బాబాయి నన్ను అడిగేవాడు. అందుకని నేను ఆలస్యంగా వెళ్లలేదు.

పూచీ అంటే అది. సిఫారసు వేరు, పూచీ వేరు. సిఫారసు చేసినవాడు లోపలికి పంపించి చేతులు దులుపుకుంటాడు. పూచీ పడ్డవాడికి కుర్రాడు నిలదొక్కుకునేదాకా నిద్ర పట్టదు.

ఇక పని నేర్పిన మనిషి సంగతి. హైదరాబాదు షెడ్లలో పనిమంతుణ్ని ఉస్తాద్ అనేవాళ్లం. మా ఉస్తాద్ పాతబస్తీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. నాకు సర్టిఫికెట్టు ఉందని ఆయనకి తెలుసు. అయినా మొదటి వారం లేత్ దగ్గరికి రానివ్వలేదు. అరచేతి పొడవున్న ఇనుప పట్టీ ముక్క ఒకటి వైస్‌లో బిగించి, చేతికి ఆకురాయి ఇచ్చి, నాలుగు అంచులూ మూలమట్టంగా రావాలన్నాడు. సాయంత్రం ముక్క తీసుకుని, ట్రై స్క్వేర్ ఆనించి, కిటికీ వైపు ఎత్తి చూసేవాడు. స్క్వేర్‌కీ ముక్కకీ మధ్య సన్నగా వెలుగు గీత కనిపిస్తే ఏమీ అనేవాడు కాదు. ముక్క తెచ్చి మళ్లీ వైస్‌లో బిగించేవాడు. ఎక్కడ ఎత్తుందో నా చూపుడువేలు పట్టుకుని ఆ చోట పెట్టి రాయించేవాడు. కంటికి కనిపించనిది వేలికి తెలుస్తుందని ఐటీఐలో పుస్తకం చెప్పింది. అది నా వేలికి తెలిసింది మాత్రం ఆయన దగ్గరే.

లేత్ దగ్గర మొదటి పాఠం కోత గురించి కాదు, చక్ తాళం గురించి. చెయ్యి తాళం మీద ఉన్నంతసేపే తాళం చక్‌లో ఉండాలి. చెయ్యి తీశావంటే తాళం కూడా చేతితో పాటు బయటికి రావాలి. మరిచిపోయి మోటారు వేశావో, ఆ ఇనుప తాళం ఎగిరి ఎవడి మొహం పగలగొడుతుందో తెలియదు. ఈ సంగతి గోడ మీద బోర్డు రాసి పెట్టొచ్చు, ఇప్పుడు అన్నిచోట్లా పెడుతున్నారు కూడా. మా ఉస్తాద్ బోర్డు పెట్టలేదు. నెలరోజులపాటు మా వెనకాల నిలబడ్డాడు. తాళం చక్‌లో ఉండగా చెయ్యి తీసినవాడి మణికట్టు పట్టుకునేవాడు. ఆ పట్టు వల్లే ఇప్పటికీ నా చేతులకి పదివేళ్లూ ఉన్నాయి.

మైక్రోమీటరు బిగించి కొలవకూడదని, రాచెట్ తిప్పి టిక్కుమన్న చప్పుడు వినాలని నేర్పింది ఆయనే. మెషిన్ వేడెక్కి ఉండగా తీసిన కొలత చల్లారాక మారుతుందని చెప్పిందీ ఆయనే. అంతకన్నా విలువైనవి వేరే ఉన్నాయి. పనిముక్క పాడైతే ఏం చెయ్యాలి? నాతో చేరిన ఒక కుర్రాడు గన్‌మెటల్ బుష్ ఒకటి బోర్ ఎక్కువ కోసేశాడు. పెద్ద కర్మాగారానికి వెళ్లాల్సిన పని, ఖరీదైన లోహం. వాడు దాన్ని చిత్తు డబ్బాలో అడుగున దాచబోయాడు. ఉస్తాద్ చూశాడు. ముక్క తీసుకుని తనే ఫోర్‌మన్ దగ్గరికెళ్లి, "నేను దగ్గర లేనప్పుడు అయింది, నాది" అన్నాడు. తిరిగొచ్చాక వాణ్ని తిట్టలేదని చెబితే అబద్ధం. తిట్టాడు, అన్నం తిన్నాక తిట్టాడు. ఆ తర్వాత సాయంత్రందాకా చిత్తు ముక్కల మీద వాడితో బోరింగే చేయించాడు. ఆ కుర్రాడు తర్వాత ఒక ప్రభుత్వ రంగ సంస్థ టూల్‌రూమ్‌లో రిటైరయ్యేదాకా పనిచేశాడు. ఆ రోజు ముక్క దాచి ఉంటే, దాచడమే అలవాటయ్యేది.

ఇప్పటి కుర్రాళ్లకి తెలివి తక్కువని నేననను. నిజానికి నాకంటే ఎక్కువే తెలుసు. మా పేటలో ఒకబ్బాయి డిప్లొమా చదివి సీఎన్‌సీ మెషిన్ మీద పని సంపాదించాడు. ప్రోగ్రామ్ రాయడం యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు. ఆఫ్‌సెట్ ఎలా పెట్టాలో గడగడా చెబుతాడు. నైట్ షిఫ్టులో టూల్ వెళ్లి జాబ్‌కి గుద్దుకుని ఇన్‌సర్ట్ విరిగింది. ఎవరికి చెప్పాలో వాడికి తెలియలేదు. సూపర్‌వైజర్ వేరే బిల్డింగులో ఉన్నాడు, పక్క మెషిన్ మీద ఉన్నవాడు అంతకు ముందు వారమే ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడు, వాడికీ తెలియదు. పొద్దున్నే గేటు బయట గుర్తింపు కార్డు లాక్కున్నారు. ఇన్‌సర్ట్ ధర కొన్ని వందలు. ఆ షెడ్డులో ఉస్తాద్ అనేవాడు ఒక్కడుంటే, అది పదినిమిషాల్లో తీరిపోయే సంగతి.

ఉస్తాద్‌లు ఏమైపోయారు? కుర్రకారు వినడం లేదు గనక వాళ్లు చెప్పడం మానేశారని నా వయసువాళ్లు పార్కుల్లో కూర్చుని అంటుంటారు. నేను ఒప్పుకోను. పర్మినెంటు ఉద్యోగి నేర్పుతాడు. తన కొలువు ఎక్కడికీ పోదన్న నమ్మకం ఉన్నవాడు నేర్పుతాడు. తొంభైల్లో అల్విన్ మూతపడింది, ఐడీపీఎల్‌లో ఉత్పత్తి ఆగిపోయింది. నిలిచిన కర్మాగారాల్లో రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోలేదు, పనిని కాంట్రాక్టరుకి ఇచ్చారు. కాంట్రాక్టు కింద పనిచేసే నలభై ఏళ్లవాడికి పక్కన ఇరవై ఏళ్లవాణ్ని నిలబెట్టి "నేర్పు" అంటే వాడేం ఆలోచిస్తాడు? నేను ఇది నేర్పితే వచ్చే ఏడు నా చోట్లో తక్కువ కూలీకి వీడుంటాడు అనుకోడా? పైగా పీసు లెక్కన డబ్బులొచ్చేవాడికి పక్కవాడి చేతిని పట్టుకుని చూపించేంత తీరిక ఎక్కడిది? నేర్పే మనిషికి జీతం కట్టకుండా, భద్రత ఇవ్వకుండా, నైపుణ్యం నైపుణ్యం అని సభలు పెడితే నైపుణ్యం ఊడిపడదు.

చట్టంలో లేక కాదు. 1961లో అప్రెంటిసుల చట్టం చేశారు, మరుసటి ఏడాది మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. యజమాని తనకు ఆ పని రాకపోతే, అర్హత ఉన్న మనిషిని అప్రెంటిసు మీద పెట్టి నేర్పించాలని ఆ చట్టం చెబుతుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత లేదని కూడా అదే చట్టం చెప్పింది, దాని మీద మా యూనియన్లు ఎంత గొడవ చేశాయో. అయినా ఆ రోజుల్లో పెద్ద కర్మాగారాలకి సొంత ట్రైనింగ్ స్కూళ్లు ఉండేవి. అప్రెంటిసుకి రోజువారీ పని పుస్తకం ఉండేది. ఈరోజు ఏ పని చేశావు, ఏ పనిముట్టు వాడావు, బొమ్మ గీసి చూపించు. ఇన్‌స్ట్రక్టరు చదివి సంతకం పెట్టేవాడు. తప్పు గీస్తే ఎర్రసిరాతో గీత కొట్టేవాడు. ఎవరో ఒకరు రోజూ నీ పని చూస్తున్నారన్నది ఆ పుస్తకంలో కనిపించేది.

2014లో చట్టాన్ని సవరించారు. యజమానికి జైలు శిక్ష తీసేశారు. 2016లో జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం తెచ్చి స్టైపెండులో నాలుగో వంతు, 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వమే భరిస్తానంది. 2019లో నిబంధనలు మార్చి 30 మంది, అంతకు పైబడి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను పెట్టుకు తీరాలంది. కాగితం మీద ఇవన్నీ మంచివే. ఒక్కటే అడుగుతాను. ఆ అప్రెంటిసు పక్కన నిలబడే మనిషికి ఏమిచ్చారు? కుర్రాడికి స్టైపెండు లెక్క ఉంది, కంపెనీకి వాపసు లెక్క ఉంది, నేర్పేవాడి లెక్క ఎక్కడా లేదు. అందుకే చాలాచోట్ల అప్రెంటిసులంటే స్టోర్స్‌లో పెట్టెలు మోసేవాళ్లు, ప్యాకింగ్ టేపు అంటించేవాళ్లు అయిపోయారు. ఏడాది అయ్యాక సర్టిఫికెట్టు వస్తుంది. వేలికి ఏమీ తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మా రోజుల్లో పూచీ అందరికీ దొరికేది కాదు. నాకు బాబాయి ఉన్నాడు గనక దొరికింది. ఊళ్లో మాతోపాటే ఐటీఐ చదివిన మాలపల్లి కుర్రాడికి హైదరాబాదులో బాబాయి లేడు. ఉన్నా ఆయన మాటకి ఫోర్‌మన్ దగ్గర విలువ ఉండేది కాదు. వాడు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి కార్డు పట్టుకుని, తప్పకుండా రెన్యువల్ చేయించుకుంటూ, కాల్ లెటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాలని 1959లో చట్టం వచ్చింది గనకనే, ప్రభుత్వ రంగంలో రిజర్వేషన్ ఉంది గనకనే చివరికి వాడికి గేటు తెరుచుకుంది. మా షెడ్డులో ఆడపిల్ల అన్న మాటే లేదు. ఊడ్చేవాళ్లు తప్ప ఆడమనిషి లోపలికొచ్చేది కాదు. ఇవాళ శ్రీసిటీలో సెల్‌ఫోన్లు బిగించే లైన్ల మీద, అచ్యుతాపురంలో బట్టల మిల్లుల్లో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తుంటే నా మనసు నిండుతుంది. గేటు అందరికీ తెరవడం ఈ కాలం చేసిన గొప్ప పని. కానీ గేటు తెరిచినప్పుడు నాకు దొరికిన బాబాయి, ఉస్తాద్ లాంటివాళ్లు ఆ పిల్లలందరికీ కూడా దొరికేట్టు చెయ్యాల్సింది. అది చెయ్యకుండా, ఉన్నవాళ్లకి కూడా లేకుండా చేశాం.

ఆ ప్రయత్నం ఎవరూ చెయ్యలేదని కాదు. 1999లో డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ వాళ్లు ల్యాబ్స్ అని పెట్టి, బడి మానేసిన పిల్లలకి మూడు నెలలు నేర్పి చిన్న ఉద్యోగాల్లో చేర్పించడం మొదలుపెట్టారు. 2005లో ఉమ్మడి రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ (ఈజీఎంఎం) పెట్టింది. పల్లెల నుంచి, గూడేల నుంచి పిల్లల్ని తీసుకొచ్చి ఇంగ్లీషు, కంప్యూటరు, అమ్మకం పని నేర్పి పట్నంలో కొలువులు ఇప్పించింది. 2014లో కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చింది. పల్లె పిల్లాడు కొలువులో చేరాక నెలకి వెయ్యి రూపాయల చొప్పున, సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, వేరే రాష్ట్రమైతే ఆరు నెలలు చేతికి ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఎవరో బాగా ఆలోచించినవాళ్లే రాశారు. మొదటి నెలలే కష్టమని వాళ్లకి తెలుసు. అయితే వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. "తిన్నావా?" అని అడగడానికి మనిషి రావాలి కదా.

నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. అటువంటి ఒక శిక్షణా కేంద్రానికి నేను వారానికోసారి వెళ్లి కొలతలు, డ్రాయింగు చెప్పేవాణ్ని. వీడు ముందు బెంచీలో కూర్చునేవాడు. శ్రీపెరంబుదూరు దగ్గర ఒక కంపెనీలో ప్లేస్‌మెంట్ వచ్చింది. కేంద్రం వాళ్లు అందరితో కలిపి ఫోటో తీశారు, బస్సెక్కించారు. మూడు వారాలకి వాడు మా ఇంటి గుమ్మంలో ఉన్నాడు, సంచీతో సహా. ఏమైందిరా అంటే చెప్పడు. మా ఇంట్లో అన్నం పెట్టాక మెల్లిగా చెప్పాడు. రాత్రి షిఫ్టు, హాస్టల్లో మూడు పూటలా పడని తిండి, జ్వరం వచ్చింది. రెండు రోజులు పనికి వెళ్లలేదు. సెలవు చీటీ ఎవరికివ్వాలో, అరవంలో ఎలా చెప్పాలో తెలియలేదు. రెండు రోజులు రాకపోతే తీసేస్తారని పక్క మంచం కుర్రాడు చెప్పాడు. వీడు నమ్మాడు. జీతం కూడా అడక్కుండా రైలెక్కేశాడు.

నేను అక్కడికి ఫోన్ చేశాను. అతికష్టం మీద హెచ్‌ఆర్ అమ్మాయి దొరికింది. "లేదు సార్, మేం తీసెయ్యలేదు, అతనే రావడం లేదు" అంది. ఈఎస్‌ఐ కార్డు వచ్చిందని, ఆ కార్డుతో డిస్పెన్సరీలో చూపించుకోవచ్చని, వైద్య సెలవు కూడా ఉంటుందని వీడికి ఎవరూ చెప్పలేదు. పంపిన కేంద్రం వాళ్లని అడిగితే, "మా బ్యాచ్ క్లోజ్ అయింది సార్" అన్నారు. నారు పోసినవాళ్లు నీళ్లు పెట్టకుండా పొలం వదిలేసి వెళ్లిపోతే ఏమంటాం? ఆ కుర్రాడు ఇప్పుడు ఊళ్లో ట్రాక్టరు తోలుతున్నాడు. తోలడంలో తప్పేమీ లేదు. కానీ డ్రాయింగు చూసి మూడు కోణాల్లో వస్తువుని ఊహించగలిగే బుర్ర వాడిది. అటువంటి బుర్రలు వెతికినా దొరకవు. జ్వరం బిళ్లకీ సెలవు చీటీకీ మధ్య దాన్ని పోగొట్టుకున్నాం.

మా బాబాయి ఇవన్నీ చేశాడు. మొదటి నెల పీఎఫ్ నామినేషన్ ఫారంలో అమ్మ పేరు రాయించింది ఆయన. ఈఎస్‌ఐ డిస్పెన్సరీ చూపించింది ఆయన. మొదటి జీతమంతా ఇంటికి పంపబోతే, "మెస్ డబ్బులు, బస్ పాస్ డబ్బులు తీసి దాచుకో, నువ్వు పస్తులుంటే మీ నాన్నకి ఏం లాభం" అన్నది ఆయన. ఎవర్ని సార్ అనాలో, ఎవర్ని అన్నా అనాలో, పక్కవాడు అప్పడిగితే ఎంతవరకు ఇవ్వాలో, యూనియన్ చందా ఎందుకు కట్టాలో, అన్నీ ఆయనే. ఇందులో ఒక్కటి కూడా ఏ మూడు నెలల కోర్సులోనూ లేదు. ఉన్నా తరగతి గదిలో చెబితే ఎక్కవు, అవసరం పడ్డ రోజున చెబితేనే ఎక్కుతాయి.

ఇలా పూచీ పడే పద్ధతి మన దేశం ఒక్కదానిదే కాదని ఎనభైల్లో నైజీరియా వెళ్లి కొన్నేళ్లు వర్క్‌షాపు నడిపిన మా స్నేహితుడు చెప్పేవాడు. అక్కడ ఇగ్బోవాళ్లు 1967 నుంచి 1970 దాకా సాగిన అంతర్యుద్ధంలో సర్వం పోగొట్టుకున్నారు. యుద్ధం ముగిశాక బ్యాంకులో ఎంత దాచుకున్నా మనిషికి 20 పౌండ్లే చేతికిచ్చారట. ఆ దెబ్బ నుంచి వాళ్లు లేచింది ఒక పాత పద్ధతి పట్టుకుని. వ్యాపారి ఊళ్లోంచి ఒక కుర్రాణ్ని తెచ్చుకుంటాడు. కుర్రాడు ఆయన ఇంట్లోనే తిని, ఆయన కొట్లోనే ఐదారేళ్లు పనిచేస్తాడు. ఆ తర్వాత ఆయనే సొమ్మో సరుకో చేతిలో పెట్టి విడిగా కొట్టు పెట్టిస్తాడు. అలా పైకొచ్చినవాడు తన వంతుగా మరో కుర్రాణ్ని తెచ్చుకుంటాడు. న్నేవి అనే పట్నంలో మోటారు విడిభాగాల వ్యాపారమంతా ఇలా పెరిగిందే. గడువు దగ్గరికొచ్చేసరికి దొంగతనం అంటగట్టి వట్టి చేతులతో గెంటేసే దుర్మార్గులూ ఉండేవారని మా స్నేహితుడు దాచకుండా చెప్పేవాడు. కానీ పెట్టించినవాడికి బజారులో పేరు, గెంటేసినవాడికి బజారులో అప్రతిష్ఠ. మన దగ్గర పిల్లాడు వెనక్కొచ్చేస్తే ఎవరికి అప్రతిష్ఠ? పిల్లాడికే.

2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వచ్చింది. 21 నుంచి 24 ఏళ్లవాళ్లకి దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో ఏడాదిపాటు అనుభవం, నెలకి 5,000 రూపాయలు, చేరేటప్పుడు 6,000 ఇస్తామన్నారు. ఆలోచన మంచిదే. మొదటి విడతలో 82 వేలకు పైగా పిల్లల్ని రమ్మన్నారు. సరేనన్నది 28 వేల చిల్లర. చేరింది ఎనిమిది వేల ఏడొందల చిల్లర. పత్రికల్లో ఇది చదివి, పిల్లలకి బద్ధకమని, ఇంట్లో కూర్చోవడం అలవాటైందని నాకు తెలిసిన ఒక పెద్దమనిషి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయిదు వేలకి ఏ పట్నంలో గది దొరుకుతుంది, అన్నం దొరుకుతుంది? ఆదిలాబాదు పిల్లని పుణె రమ్మంటే, దిగాక ఎవరింటికి వెళ్లాలి? నేను వచ్చినప్పుడు నాంపల్లి స్టేషన్లో బాబాయి నిలబడి ఉన్నాడు. లేకపోతే నేనూ తర్వాతి బండికి తెనాలి తిరిగి వెళ్లిపోయేవాణ్ని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అచ్చేసిన నివేదికలో, 2022 నాటికి ఈ దేశపు నిరుద్యోగుల్లో పదో తరగతి, ఆపైన చదివిన యువతే దాదాపు 66 శాతం అని ఉంది. చదువు చెప్పించాం. పరీక్షలు పెట్టాం. ఆ తర్వాత రోడ్డు మీద వదిలేసి, వాళ్ల బద్ధకం గురించి మాట్లాడుతున్నాం.

తల్లిదండ్రుల్ని కూడా నేను తప్పుపట్టలేను. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక పాలమూరులోనూ, పలనాడులోనూ, ఉత్తరాంధ్రలోనూ కూలి చేసుకునేవాళ్ల పిల్లలు ఇంజినీర్లయ్యారు. ఆ ఇళ్లల్లో అంతకు ముందు ఆఫీసు గుమ్మం ఎక్కినవాళ్లు లేరు. పిల్ల మేనేజరు గురించి ఏడుస్తూ ఫోన్ చేస్తే తండ్రికి ఏం చెప్పాలో తెలియదు. "వచ్చెయ్యమ్మా" అంటాడు, లేకపోతే "ఓర్చుకో తల్లీ" అంటాడు. ఈ రెండు మాటల మధ్యలో చెప్పాల్సిన పాతిక మాటలున్నాయి. అవి చెప్పగలిగినవాళ్లు మేం. బాలానగర్‌లో, రామచంద్రాపురంలో, ఈసీఐఎల్ చుట్టుపక్కల కాలనీల్లో, విశాఖలో ఉక్కునగరం చుట్టూ, షిప్‌యార్డు చుట్టూ రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, ఫోర్‌మన్లు, చార్జ్‌హ్యాండ్లు వేలమంది ఉన్నారు. ఒంట్లో శక్తి ఉంది, పొద్దుపోక కాలనీ మెట్ల మీద కూర్చుంటున్నారు. వీళ్లని పిలిచినవాడు లేడు.

పోయినేడు మా కాలనీవాళ్లం కొందరం కలిసి ఒక పారిశ్రామికవాడ సంఘానికి అర్జీ పెట్టాం. ఒక్కొక్కరం కొత్తగా చేరిన ముగ్గురేసి పిల్లల పూచీ తీసుకుంటాం, మొదటి ఆరు నెలలు. వారానికి రెండుసార్లు షెడ్డుకి వచ్చి వాళ్ల పక్కన నిలబడతాం. గది చూసిపెడతాం, ఈఎస్‌ఐ ఆస్పత్రికి తీసుకెళతాం, జాబ్ పాడైతే సూపర్‌వైజరుకి వాడి తరఫున చెబుతాం, తర్వాత వాడికి చెప్పాల్సింది మేం చెబుతాం. జీతం అక్కర్లేదన్నాం. బీమా సమస్య వస్తుందని, బయటివాళ్లని లోపలికి రానివ్వడం కుదరదని జవాబొచ్చింది. బీమా ప్రీమియం మేమే కట్టుకుంటామని మళ్లీ రాశాం. దానికి ఇంతవరకు జవాబు లేదు. మళ్లీ వెళతాం. ఈసారి జిల్లా పరిశ్రమల కేంద్రానికి, ఐటీఐ ప్రిన్సిపాళ్లకి కూడా కాపీలు పెడుతున్నాం. ఆగస్టులో కొత్త బ్యాచ్ పాసై బయటికొస్తుంది. ఆలోపు గేటు పాసులు మా చేతికి రావాలి.